గుమ్మడికి సరిపడా కోపం

పొద్దున్నే కొట్టు షట్టరెత్తగానే పెద్దకోడలు ముందు ఓవెన్ తలుపు తీస్తుంది. లోపల ఉల్లిపాయల బుట్ట ఉంటుంది. ఓవెన్ చెడిపోయి చాలా కాలమైంది. పాడైన వస్తువైనా సరే ఊరికే చోటు తినకూడదని అత్తగారు కింది అరలో ఉల్లిపాయలూ, పై అరలో వెల్లుల్లీ పెట్టించింది. చీకట్లో ఉండి ఉండి అవి మొలకలెత్తుతుంటాయి. మొలకలొచ్చినవి ఏరి, వాటిని ముందు తరిగెయ్యడంతో ఆమె రోజు మొదలవుతుంది. నిద్ర లేవడంతో మొదలవుతుందని చెప్పడానికి లేదు, నిద్రంటూ పడితే కదా లేవడం. ఓవెన్ చెడిపోవడం, ఆమె నిద్ర చెడిపోవడం ఒకే వారంలో జరిగాయి.

బాగుచేసేవాళ్ళు దొరక్క కాదు. ఆమె మొగుడు మెకానిక్కే. ఓవెన్లు, ఫ్రిజ్‌లు, బట్టలుతికే మిషన్లు, ఏది మొరాయించినా జనం ఆయన్నే పిలుస్తారు. సంచీ భుజాన వేసుకుని ఎంత దూరమైనా వెళ్ళి బాగుచేసి వస్తాడు. సొంత ఓవెన్ సంగతెత్తితే మాత్రం "కాయిల్ పోయింది, అంతే. గంట పని. రేపు చూద్దాం" అంటాడు. దీపం కింద చీకటి అంటారు కదా, ఈ ఇంట్లో ఆ చీకట్లో ఉల్లిపాయలు మొలకెత్తాయి.

కొట్టు పైనున్నది హార్మోన్ల డాక్టరమ్మ క్లినిక్. థైరాయిడ్ వాళ్ళు, నెలసరి తప్పేవాళ్ళు, నెలసరి ఆగిపోయినవాళ్ళు, అందరూ ఆ మెట్లే ఎక్కుతారు. మైదా మానండి, చక్కెర మానండి, వేపుళ్ళ జోలికి పోకండి, పళ్ళెంలో సగం కూరగాయలే ఉండాలి అని ఆవిడ అందరికీ చెబుతుంది. ఇంటికెళ్ళి అవన్నీ ఎవరు తరుగుతారు అనుకుంటూ మొహాలు వేలాడేసుకుని కిందకి దిగేసరికి ఎదురుగా ఈ కొట్టు కనిపిస్తుంది. ఇక్కడ అమ్మేది ఒకటే, నూనె పేరుకి మాత్రం తగిలించి బేక్ చేసిన కూరగాయలు. అన్నంలోకో, రొట్టెలోకో నంజుకోవడానికి పెట్టెల్లో సర్ది ఇస్తారు.

చూడ్డానికి తేలికే కానీ ఆ పనికి పట్టింపులు ఎక్కువ. క్యాలీఫ్లవర్ పువ్వులు విడదీసి, కడిగి, నూలుగుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే అవి కాలవు, ఉడుకుతాయి, ఉడికితే ఆసుపత్రి భోజనం వాసనొస్తుంది. బీట్‌రూట్‌ని ఓ మూల విడిగా కూర్చోబెట్టకపోతే తన రంగు అందరికీ పూస్తుంది. గుమ్మడి వేలెడు మందాన ఉండాలి. ముక్కకీ ముక్కకీ మధ్య చోటు వదలాలి, ఇరుకైతే నీరు కారి ముద్దవుతాయి. అవిసె గింజలు, నువ్వులు చివర్లో చల్లాలి, ముందే చల్లితే చేదెక్కుతాయి. ఇవన్నీ పెద్దకోడలు కళ్ళు మూసుకుని చేస్తుంది. ఒక్కోసారి నిజంగానే మూతలు పడుతుంటాయి.

పక్కనే చిన్నకోడలు కూర్చుని తరుగుతుంటుంది. ఆమె ఒక కన్ను కత్తి మీద, ఇంకో కన్ను తోడికోడలి చెవుల మీద.

"అక్కా, చెవులు ఎర్రబడుతున్నాయి."

"ఊఁ, వస్తోంది. ట్రే ఇవ్వు."

మడతలు పెట్టిన దళసరి గుడ్డ ఒళ్ళో వేసుకుని పెద్దకోడలు స్టూలు మీద నిటారుగా కూర్చుంటుంది. చిన్నకోడలు ట్రే తెచ్చి ఆ గుడ్డ మీద పెడుతుంది. వేడి గుండెల కిందెక్కడో రాజుకుని, మెడ మీదుగా చెవుల దాకా ఎక్కి, అక్కణ్ణుంచి భుజాల మీదుగా అరచేతుల్లోకి దిగుతుంది. ఆమె ట్రే అంచులు పట్టుకుంటుంది. కాసేపటికి నూనె చిటపటమంటుంది, క్యారెట్ అంచులు ముడుచుకుంటాయి, క్యాలీఫ్లవర్ తలలు గోధుమరంగుకి తిరుగుతాయి. కొనడానికొచ్చిన ఆడవాళ్ళు ఆ వేడికి ఓ అడుగు వెనక్కి జరిగి నిలబడి, "ఇంకాస్త ఎర్రగా రానివ్వండి" అని అడుగుతారు. నెలసరి ఆగిపోయే వయసులో ఆడవాళ్ళకి వేడి రావడం ఎవరికి తెలియదు గనక. ఒక్కొక్కరి వేడి ఒక్కోలా ఉంటుంది, ఈవిడది కూరగాయలకి సరిపోయింది.

చిన్న వేడికి క్యాప్సికం, బీన్స్ అయిపోతాయి. మధ్యరకం వేడికి క్యాలీఫ్లవర్. చిలగడదుంపకీ గుమ్మడికీ మాత్రం పెద్ద వేడి కావాలి, అది అడిగినప్పుడు రాదు. అయితే పెద్దకోడలికి కోపమొస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుందని ఇంట్లో వాళ్ళు మొదట్లోనే కనిపెట్టారు. ఆమెకి అసలే ముక్కు మీద కోపం. అందుకని గుమ్మడి గట్టిగా ఉన్న రోజున చిన్నకోడలు పుల్లతో ముక్కని గుచ్చి చూసి, "బావగారూ, ఇంకా మెత్తబడలేదు, ఓ మాట అనండి" అని కేకేసేది. మెకానిక్ అటు తిరక్కుండానే, "మీ అన్నయ్య మన పెళ్ళికి పెట్టిన గడియారం ఇవాళ్టిదాకా ఒక్కరోజు సరైన టైము చూపించలేదు" అనేవాడు. పెద్దకోడలి చెవులు భగ్గుమనేవి. అందరూ నవ్వేవాళ్ళు, చివరికి ఆమె కూడా నవ్వేది. గుమ్మడి మెత్తబడేది.

ఇదొక ఎత్తయితే, తిన్నవాళ్ళ సంగతి ఇంకో ఎత్తు. ఆ కూరగాయలు తిన్న రోజున ఒళ్ళెరక్కుండా నిద్రపడుతుందని ఊరంతా చెప్పుకునేవారు. ఏళ్ళ తరబడి పక్క మీద అటూ ఇటూ దొర్లినవాళ్ళు తెల్లారాక కూడా లేవడం లేదట. మెకానిక్ సరేసరి, రాత్రి ట్రేలో మిగిలిన గుమ్మడి ముక్కలు తిని తలగడ మీద తల ఆనించేలోపే గుర్రు పెట్టేవాడు. చిన్నకోడలూ, లారీ డ్రైవరైన ఆమె మొగుడు ఇంటికొచ్చిన రోజున అతనూ అంతే. ఇల్లంతా నిద్రపోతుంటే పెద్దకోడలు వంటింటి గచ్చు మీద చల్లదనం కోసం వీపు ఆనించి కూర్చునేది. ఎవరి మీదా కోపం లేదు, ఏడుపూ లేదు. అలసట, అంతే. అది ఎముకల్లో చేరి కాపురం పెట్టింది.

ఆమె మాత్రం ఆ కూరగాయలు ఎప్పుడూ తినలేదు. ఎవరూ వద్దనలేదు. పెట్టెలు సర్దేటప్పుడు ఒక్కటి తక్కువైతే బావుండదు కదా అనుకునేది. సర్దాక మిగిలినవి ఇంట్లో వాళ్ళకి ఉండనీ అనుకునేది. వండేవాళ్ళకి వాసనతోనే కడుపు నిండుతుందని నలుగురితోనూ అనేది, అని అని తనే నమ్మింది. మధ్యాహ్నం టీలో రొట్టెముక్క ముంచుకుని నిలబడే తినేసేది.

రోజూ మధ్యాహ్నం డాక్టరమ్మ తన పెట్టె కోసం కిందకి దిగుతుంది. ఒకరోజు ఆవిడ వచ్చేసరికి పెద్దకోడలు ట్రే పట్టుకుని ఉంది. జుట్టు తడిసి నుదుటికి అతుక్కుపోయింది, కళ్ళ కింద నల్లగా చారలు. డాక్టరమ్మ పెట్టె అందుకోబోయి ఆగింది.

"మీరు రాత్రిళ్ళు నిద్రపోతున్నారా?"

ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. పెద్దకోడలు ట్రే వదలకుండానే తల అడ్డంగా ఊపింది.

"ఈ వేడికి మందులున్నాయండి. తగ్గిపోతుంది. ఓసారి పైకి రండి, చూస్తాను."

కొట్టు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. చిన్నకోడలి కత్తి సగం క్యారెట్‌లో ఆగింది. లైనులో ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భోజనానికొచ్చిన మెకానిక్ మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు.

"తప్పకుండా తీసుకొస్తానండి," అన్నాడు. "ఫ్యాక్టరీ క్యాంటీన్ ఆర్డరొకటి రాబోతోంది. అది కుదిరాక తీరుబడిగా చూపిద్దాం. ఇన్నాళ్ళు ఆగింది, ఇప్పుడేం తొందర."

డాక్టరమ్మ నవ్వేసింది. "నిజం చెప్పాలంటే తగ్గిపోతే నష్టం నాకే. ఇది తిన్న రాత్రే నాకు కాస్త కునుకు పడుతుంది" అని పెట్టె తీసుకుని మెట్లెక్కింది. లైను కదిలింది, కత్తి మళ్ళీ కదిలింది.

పెద్దకోడలు ట్రే దించి చేతులు తుడుచుకుంది. ఆయన మాటలో తప్పేముంది, కసిరి చెప్పలేదు, కాదనలేదు. కానీ ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ, అది ఆమెని కోసేసింది. తను చల్లబడాలని ఆ గదిలో ఒక్కళ్ళకీ లేదు. ఆ సంగతి తెలిశాక ఆమెకి కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

సాయంత్రం అత్తగారూ పెద్దకోడలూ వెనకగదిలో వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నారు. అత్తగారికి చూపు తగ్గింది గానీ చెవులు పాము చెవులు. ఇందాకటి మాటలన్నీ లోపల్నుంచే విన్నది.

"నాకూ వచ్చేది," అంది ఉన్నట్టుండి.

"ఏంటత్తయ్యా?"

"వేడి. మీ మామగారింట్లో అప్పుడు పదిమందిమి. వానాకాలం వస్తే తడిబట్టలన్నీ తెచ్చి నా మీద ఆరేసేవాళ్ళు. భుజం మీదో చొక్కా, మోకాళ్ళ మీదో దుప్పటి. కూర్చో, కదలకు, అంచు ఆరలేదు అనేవాళ్ళు. ఇంట్లో అందరికీ పొడిబట్టలే. నేను చెమటకి తడిసి ముద్దయి కూర్చునేదాన్ని."

"మరి మీకు పొడిబట్టలు ఎవరిచ్చేవాళ్ళు?"

"ఎవరిస్తారు? అడిగితే కదా. అడగందే అమ్మైనా పెట్టదు." అత్తగారు పొట్టు ఊది పారేసి, కోడలి చెయ్యి తడిమి పట్టుకుంది. ఆ చెయ్యి అప్పుడు కూడా వెచ్చగానే ఉంది. "అదలా ఉంచు. ఊరందరికీ నిద్ర పంచుతున్నావు కదా. అది ఎక్కణ్ణుంచి వస్తోందనుకున్నావు? ఒక్కసారైనా నువ్వు చేసింది నువ్వు తిన్నావా?"

పెద్దకోడలు ఒలిచిన వెల్లుల్లి గిన్నెలోకి తీసి లేచింది.

ఆ వారంలోనే క్యాంటీన్ మేనేజరమ్మ రుచి చూడ్డానికి వచ్చింది. రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్ళు పగలు నిద్రపట్టక మిషన్ల దగ్గర తూలుతున్నారట, వాళ్ళ కోసం రోజూ పెట్టెలు కావాలట. ఆవిడ కూడా నిద్రపోయిన మనిషిలా లేదు. బెంచీ చివర కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, "తొందరేం లేదండి, కానివ్వండి" అంది.

ఇంటిల్లిపాదీ హడావుడిగా ఉన్నారు. అన్నీ ఒకే ట్రేలో చూపించాలని చిన్నకోడలు పొందిగ్గా సర్దింది. గుమ్మడి, చిలగడదుంప, క్యాలీఫ్లవర్, ఓ మూల బీట్‌రూట్. పెద్దకోడలు ట్రే పట్టుకుని కూర్చుంది. చెవులు కాస్త ఎర్రబడ్డాయి, నూనె కాస్త కదిలింది, అంతే. క్యాలీఫ్లవర్ తెల్లబోయి చూస్తోంది. చిన్నకోడలు పుల్లతో గుమ్మడిని గుచ్చింది. పుల్ల విరిగింది.

"బావగారూ," అంది గొంతు తగ్గించి.

మెకానిక్ గొంతు సవరించుకుని గడియారం సంగతెత్తాడు. పెద్దకోడలికి చీమ కుట్టినట్టయినా లేదు. వాళ్ళ నాన్న బేరాలాడే తీరు గురించి అన్నాడు. ఆమె మెల్లగా తలాడించింది, "అవును, ఆయనంతే" అంది. ఆమె పాట పాడితే పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకున్న సంగతి తీశాడు. ఆమెకి ఆవలింతొచ్చింది. మేనేజరమ్మ గోడ వైపు చూస్తూ కూర్చుంది.

మెకానిక్‌కి చెమటలు పట్టాయి. ఇంక ఏ మాటా దొరక్క, కంగారులో నోటికొచ్చింది అనేశాడు. "ఆ డాక్టరమ్మ మాట విన్న దగ్గర్నుంచీ ఇదే వరస. అసలు నీకేమైందని? పొద్దస్తమానం స్టూలు మీద కూర్చోవడమేగా నువ్వు చేసేది. దానికి కూడా అలిసిపోతే ఎలా?"

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. అది గుమ్మడి కోసం అన్న మాట కాదని, ఎక్కడో లోపల ఉన్న మాటే బయటికొచ్చిందని ఆయనకే తెలిసిపోయింది.

పెద్దకోడలి చెవులు ఎర్రబడ్డాయి, మెడ ఎర్రబడింది, మోచేతుల దాకా ఎర్రబడింది. మేనేజరమ్మ బెంచీ మీద ఈ చివర నుంచి ఆ చివరికి జరిగింది. షట్టరు రేకు టంగుమని చప్పుడు చేసింది. ట్రేలో నూనె చిటపటలాడి, చిలగడదుంపల అంచుల్లో తీపి బయటికొచ్చి నల్లగా మెరిసింది, గుమ్మడి మెత్తబడి పైన గోధుమరంగుకి తిరిగింది. అంత అందంగా కుదిరిన ట్రే ఆ కొట్టులో అంతకుముందు ఎప్పుడూ దిగలేదు. చిన్నకోడలు ఆనందంగా నువ్వులు చల్లి, మేనేజరమ్మ కోసం పళ్ళెం అందుకోబోయింది.

ఈలోపు అత్తగారు గోడ పట్టుకుని వెనకగదిలోంచి వచ్చింది. తడుముకుంటూ వచ్చి కోడలి చేతిలో ఓ చెంచా పెట్టింది.

"తిను," అంది.

"అత్తయ్యా, ఆవిడకి..."

"ఆవిడ కూర్చుంటుంది. నువ్వు తిను."

పెద్దకోడలు చెంచా వైపు చూసింది. మొగుడి వైపు చూడలేదు. గుమ్మడి ముక్క ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తను చేసింది ఇంత బావుంటుందా అనుకుంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకో ముక్క తింది. తర్వాత చిలగడదుంప, తర్వాత క్యాలీఫ్లవర్, బీట్‌రూట్. ఎవరో లాక్కుంటారన్నట్టు కాదు, నింపాదిగా, ఒక్కోటీ నమిలి తింది. అందరూ నిలబడి చూస్తుండగా ఆమె ట్రే మొత్తం ఖాళీ చేసి, అంచున అంటిన నువ్వులు వేలితో తీసుకుని తిని, ట్రే పక్కన పెట్టింది. తర్వాత కూర్చున్నచోటే తల గోడకి ఆనింది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ స్టూలు మీదే ఆమెకి నిద్రపట్టేసింది.

మెకానిక్ ఒక అడుగు ముందుకేశాడు. "లేపకండి," అంది మేనేజరమ్మ. గొంతులో మందలింపు లేదు, కొంచెం అసూయ ఉందేమో. సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. "నేను రేపొస్తాను."

ఆయనా చిన్నకోడలూ కలిసి పెద్దకోడల్ని మెల్లగా లేవదీసి వెనకగదిలో పడుకోబెట్టారు. చెయ్యి తగిలితే చల్లగా ఉంది. ఆ చల్లదనానికి మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. బయటికొచ్చి ఓవెన్ ముందు కాసేపు నిలబడ్డాడు. ఉల్లిపాయల బుట్ట తీసి కింద పెట్టాడు, వెల్లుల్లి తీసి పక్కన పెట్టాడు. తర్వాత తన సంచీ తెచ్చి స్క్రూడ్రైవరు తీశాడు.

పెద్దకోడలు ఆ పగలంతా, ఆ రాత్రంతా నిద్రపోయింది. లేచేసరికి పొద్దెక్కి ఎండ గచ్చు మీదకొచ్చింది. ఎవరో క్యాలీఫ్లవర్ కాలుస్తున్న వాసన. తన ఒంట్లో వేడేమో అనుకుని చెవులు తడుముకుంది. చల్లగా ఉన్నాయి. ఇన్నాళ్ళుగా ఎముకల్లో కూర్చున్నది లేచి ఎటో వెళ్ళిపోయినట్టుంది, ఒళ్ళు తేలిగ్గా ఉంది. కొట్టులోకి వచ్చేసరికి ఓవెన్ లోపల ఎర్రగా దీపం వెలుగుతోంది. ఉల్లిపాయలు కిటికీ పక్కన గాలికి ఉన్నాయి. చిన్నకోడలు మునుపటిలా చెవుల వైపు చూడబోయి, నాలిక్కరుచుకుని తల దించుకుంది.

"ఎంతసేపు పట్టింది?" అని అడిగింది పెద్దకోడలు ఓవెన్ని చూసి.

మెకానిక్ బట్టతో చేతులు తుడుచుకున్నాడు. "గంట కూడా పట్టలేదు," అన్నాడు చివరికి.

ఆయన తల వంచుకుని ట్రే బయటికి తీశాడు. గుమ్మడి ఒక పక్క మాడింది, క్యాలీఫ్లవర్‌కి తడి పూర్తిగా తుడిచినట్టు లేదు. బాగున్న ముక్కలు ఏరి ఓ పళ్ళెంలో పెట్టి, లైనులో ఉన్నవాళ్ళని ఆగమని చెప్పి, ముందు ఆమెకి తెచ్చిచ్చాడు.

పొద్దున్నే వచ్చిన మేనేజరమ్మ బెంచీ మీద కూర్చుని అప్పటికే ఒక ముక్క నములుతోంది. "రుచి పరవాలేదు. ఒంటికి మంచిదే కాబట్టి తీసుకుంటాను," అంది. "ఓవెన్‌లో చేస్తే నిద్ర రాదటగా, ఆ సంగతి మాత్రం మా వాళ్ళకి నేనే సర్ది చెప్పుకుంటాను." పై మెట్ల మీద డాక్టరమ్మ ఆవలిస్తూ క్లినిక్ తలుపు తెరుస్తున్న చప్పుడు వినబడింది. పెద్దకోడలు ఇవాళ ఆ మెట్లెక్కాలని, తనంతట తనే వెళ్ళాలని అనుకుంది.

మెకానిక్ స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఆ కళ్ళు ఆమెకి బాగా తెలుసు, రోజూ అద్దంలో చూసుకున్నవే.

"రాత్రంతా అటూ ఇటూ దొర్లాను," అన్నాడు నెమ్మదిగా. "ఒక్క క్షణం కూడా కునుకు పట్టలేదు."

పెద్దకోడలు గుమ్మడి ముక్క ఒకటి తీసుకుని, మాడిన వైపు చిదిపి పక్కన పెట్టి, మిగిలింది నోట్లో వేసుకుంది.

"అలవాటవుతుందిలెండి," అంది.